మూడుతో భాగించడం: ఒక పోయిన రుజువు కథ

  ఇవాళ నేను చెప్పబోయేది ఒక భాగహారం లెక్క చరిత్ర. లెక్క చాలా చిన్నది. రెండు సంఖ్యలున్నాయి. మొదటిదానికి మూడు రెట్లు, రెండోదానికి మూడు రెట్లు సమానం అని తేలింది. మరి ఆ రెండు సంఖ్యలూ సమానమేనా? మూడో తరగతి పిల్లవాడిని అడిగితే, "ఇరువైపులా మూడుతో భాగిస్తే సరి" అంటాడు.

వాడు చెప్పింది నిజమే. చిక్కల్లా ఆ సంఖ్యలు అనంతాలైనప్పుడు వస్తుంది. ఆ ప్రశ్నకి 1901లో ఒకాయన జవాబు చెప్పాడు, అది ఎవరికీ అర్థం కాలేదు. 1926లో ఇంకొకాయన జవాబు కనిపెట్టాడు, కానీ రాసిపెట్టలేదు. 1941లో నాజీలు ఆయన్ని చంపేశారు. ఆయన స్నేహితుడికి ఆ రుజువు పూర్తిగా గుర్తు లేదు. ఇదీ ఇవాళ్టి కథ.

ముందు, అనంతమైనవాటిని "సమానం" అని ఎలా అంటామో చూద్దాం. మన పెళ్ళిళ్ళలో పంక్తి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. విస్తళ్ళు వేశారు, జనం కూచున్నారు. ప్రతి విస్తరి ముందూ ఒక మనిషి ఉన్నాడు, విస్తరి లేకుండా ఎవరూ నిలబడి లేరు. అప్పుడు విస్తళ్ళు ఎన్ని, మనుషులు ఎందరు అని లెక్కపెట్టకుండానే రెండూ సమానం అని చెప్పెయ్యవచ్చు. జర్మనీలో గేయార్గ్ కాంటర్ అనే ఆయన ఈ జతపరిచే పద్ధతినే అనంత సమితులకి కూడా వర్తింపజేశాడు. సమితి అంటే మరేం లేదు, కొన్ని వస్తువుల గుంపు. జత కుదిరితే రెండు సమితులూ ఒకే పరిమాణం ఉన్నవి. ఈ పరిమాణాలకే కార్డినల్ సంఖ్యలు అని పేరు. ఈ కొలతతో చూస్తే సరి సంఖ్యలూ, మొత్తం సంఖ్యలూ సమానమే. కానీ గీత మీది బిందువులు మాత్రం వాటికంటే ఎక్కువ. ఈ సంగతి కాంటర్ 1874లో ప్రచురించాడు. అనంతాల్లో కూడా చిన్నా పెద్దా ఉంటాయని లోకానికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

సంఖ్యలన్నాక కూడికలూ గుణకారాలూ ఉండాలి కదా. రెండు గుంపుల్ని కలిపితే కూడిక. ఒక గుంపుకి మూడు నకళ్ళు తీస్తే మూడు రెట్లు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. తీసివేత దగ్గర బండి ఆగిపోతుంది. అనంతంలోంచి అనంతం తీస్తే ఏం మిగులుతుంది? అన్ని సంఖ్యల్లోంచి సరి సంఖ్యలు తీసేస్తే బేసి సంఖ్యలు మిగులుతాయి, అంటే మళ్ళీ అనంతమే. అన్ని సంఖ్యల్లోంచి పదికి మించినవి తీసేస్తే పదే మిగులుతాయి. తీసినది రెండుసార్లూ ఒకే పరిమాణం, మిగిలింది వేరు. ఈశావాస్యంలోని శాంతి మంత్రం మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలకి నోటికి వచ్చు. పూర్ణంలోంచి పూర్ణం తీస్తే పూర్ణమే మిగులుతుందని. అది గణితం చెప్పడానికి పుట్టిన మంత్రం కాదు. దాన్ని పట్టుకుని "ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. కాంటర్ లెక్కలో పూర్ణమే మిగలాలని లేదు, పదీ మిగలవచ్చు, సున్నా కూడా మిగలవచ్చు.

సరే, తీసివేత చెడింది. మరి భాగహారం మాటేమిటి?

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది. 1904లో ఎర్నెస్ట్ జెర్మెలో ఒక సూత్రాన్ని బాహాటంగా ముందుకు తెచ్చాడు. దాన్ని ఎంపిక సూత్రం అందాం. ఎన్ని గుంపులున్నా, అనంతంగా ఉన్నా సరే, ప్రతి గుంపులోంచీ ఒక్కొక్క వస్తువు చొప్పున ఎంచుకోవచ్చు అంటుంది అది. ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. దీనికి బెర్ట్రాండ్ రస్సెల్ చెప్పిన ఉదాహరణ బావుంటుంది. ఒక కోటీశ్వరుడి దగ్గర అనంతమైన చెప్పుల జతలున్నాయి, అనంతమైన మేజోళ్ళ జతలున్నాయి. ప్రతి జతలోంచి ఒక చెప్పు తీసిపెట్టమంటే, "ఎడమకాలి చెప్పు తీసుకో" అని ఒక్క మాటలో నియమం చెప్పవచ్చు. మేజోళ్ళలో ఎడమా కుడీ తేడా లేదు. ఏం నియమం చెబుతారు? నియమం చెప్పలేకపోయినా ఎంపిక జరిగిపోయినట్టే భావించుకోవచ్చు అంటుంది ఎంపిక సూత్రం. పారిస్‌లో లెబెగ్, బోరెల్, బేర్ వంటి పెద్దలకి ఇది బొత్తిగా రుచించలేదు. ఎలాగో చెప్పలేని పనిని చేసేశానంటే ఎలా ఒప్పుకుంటాం అన్నారు.

ఎంపిక సూత్రం ఒప్పుకుంటే మన లెక్క ఒక్క క్షణంలో తేలిపోతుంది. అప్పుడు ఏ అనంతానికైనా మూడు రెట్లంటే మళ్ళీ ఆ అనంతమే. ఇక భాగించడానికేముంది? జవాబు చేతిలో పడింది కానీ నోరు తియ్యబడలేదు. రెండు గుంపులకీ జత కుదురుతుందని మాత్రం తెలుస్తుంది, ఎవరికి ఎవరు జతో చెప్పే నియమం ఉండదు. అందుకని కొందరు పట్టుబట్టారు. ఎంపిక సూత్రం ముట్టుకోకుండా, చెప్పులకి చెప్పినట్టు స్పష్టమైన నియమంతో భాగించి చూపించాలి అని.

అది ఎంత కష్టమో తెలియాలంటే ఎంపిక సూత్రం లేని లోకం ఎలా ఉంటుందో కాస్త చూడాలి. అక్కడ రెండు అనంతాలు ఎదురుపడితే వాటిలో ఏదో ఒకటి పెద్దది అయి తీరాలని లేదు. రెండింటికీ పోలికే కుదరకపోవచ్చు. అంతకంటే విడ్డూరం ఒకటుంది. 1970లో రాబర్ట్ సోలొవే నిర్మించి చూపించిన ఒక గణిత లోకంలో, గీత మీది బిందువుల్ని ఒక పద్ధతిలో కుటుంబాలుగా విడగొడితే, కుటుంబాల సంఖ్య బిందువుల సంఖ్య కంటే ఎక్కువ అవుతుంది. ఏ కుటుంబమూ ఖాళీ కాదు, ఏ బిందువూ రెండు కుటుంబాల్లో లేదు. అయినా ఊళ్ళో జనం కంటే ఇళ్ళే ఎక్కువ! ఇలాంటి లోకంలో కూడా మూడుతో భాగించడం చెల్లుతుందా అన్నదే అసలు ప్రశ్న.

మొదట ప్రయత్నించినవాడు ఫెలిక్స్ బెర్న్‌స్టైన్. 1897లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, కాంటర్ దగ్గర పాఠం వింటూ ఒక గొప్ప సిద్ధాంతం నిరూపించిన కుర్రాడు ఈయన. మొదటి గుంపు రెండోదాంట్లో ఇముడుతుంది, రెండోది మొదటిదాంట్లో ఇముడుతుంది అంటే రెండూ సమానమే అని ఆ సిద్ధాంతం. దానికి ఎంపిక సూత్రం అక్కర్లేదు. 1901 నాటి తన పరిశోధన గ్రంథంలో ఆయన భాగహారం చేపట్టాడు. అది 1905లో పత్రికలో అచ్చయింది. రెండుతో భాగించి చూపించాడు. మూడుకీ నాలుగుకీ ఏ సంఖ్యకైనా ఇలాగే చెయ్యవచ్చు అని దారి సూచించాడు. ఆ సూచన పట్టుకుని నడవగలిగానని బెర్న్‌స్టైన్ తప్ప మరొకరు చెప్పిన దాఖలా లేదని తరవాతివాళ్ళు రాశారు.

1922లో వార్సాలో వాత్స్వాఫ్ షెర్పిన్‌స్కీ రెండుతో భాగించడానికి ఇంకా సులువైన దారి చూపించాడు. తరవాతి కాలంలో మరింత సాపు చేసిన రూపంలో ఆ వాదం మీకు చెబుతాను. కాగితం అక్కర్లేదు, కోలాటం ఊహించుకుంటే చాలు.

అబ్బాయిలు, అమ్మాయిలు అనంతంగా ఉన్నారు. ప్రతివారికీ రెండు చేతులు. ప్రతి అబ్బాయి చేతినీ ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉంది, ఖాళీ చెయ్యి ఒక్కటీ లేదు. అంటే అబ్బాయిల రెండు రెట్లూ అమ్మాయిల రెండు రెట్లూ సమానం. ఇప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ సమానమని, జతలు కట్టి చూపించాలి. చేతులు పట్టుకున్నారు కాబట్టి వీళ్ళు వరసలుగా ఏర్పడ్డారు: అబ్బాయి, అమ్మాయి, అబ్బాయి, అమ్మాయి. కొన్ని వరసలు గుండ్రంగా కలిసిపోతాయి, కొన్ని రెండు వైపులా అంతులేకుండా పోతాయి. "ప్రతి అబ్బాయీ తన కుడిచేతిలో ఉన్న అమ్మాయిని తీసుకో" అందామా? కొందరు ఇటు తిరిగి, కొందరు అటు తిరిగి నిలబడ్డారు. ఇద్దరబ్బాయిల కుడిచేతులూ ఒకే అమ్మాయిని పట్టుకుని ఉండవచ్చు. గొడవైపోతుంది. పోనీ వరసకి ఒక దిక్కు ఏర్పాటు చేసి "ఆ దిక్కున ఉన్న అమ్మాయిని తీసుకో" అందామా? ఒక వరసకైతే చెప్పవచ్చు. అనంతమైన వరసలకి ఒక్కోదానికీ దిక్కు ఎంచాలంటే మళ్ళీ మేజోళ్ళ బాధే.

ఉపాయం ఏమిటంటే, అందర్నీ తమ కుడిచేతి వైపుకి తల తిప్పమనండి. పక్కపక్కన ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నవాళ్ళు జతగా బయటికి వచ్చెయ్యాలి. మిగిలినవాళ్ళు దగ్గరికి జరగాలి. ఇప్పుడు కొత్తగా ఎదురుపడ్డవాళ్ళు జతగా బయటికి రావాలి. ఇలా సాగనివ్వండి. బయటికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఒక అబ్బాయీ ఒక అమ్మాయే, ఎందుకంటే వాళ్ళ మధ్యనుంచి అంతకుముందు వెళ్ళినవాళ్ళు జతలు జతలుగానే వెళ్ళారు. చివరికి వరసలో ఎవరూ మిగలకపోతే పని అయిపోయింది. ఎవరైనా మిగిలారంటే, ఎదురెదురు చూపులు ఇక లేవు కాబట్టి రెండే అవకాశాలు. అందరూ ఒకే వైపు చూస్తున్నారు. అప్పుడు వరసకి ఆ చూపే దిక్కు. లేదా ఒకచోట ఇద్దరు పెడముఖాలు పెట్టి ఉంటారు, వాళ్ళకి ఇవతలివాళ్ళంతా ఇటు, అవతలివాళ్ళంతా అటు చూస్తుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. అబ్బాయి నుంచి అమ్మాయి వైపు దిక్కు అనుకోండి. అలా దిక్కు తేలిన వరసలో అందర్నీ మళ్ళీ మొదటిలాగే నిలబెట్టి, ప్రతి అబ్బాయికీ ఆ దిక్కున ఉన్న పక్క అమ్మాయిని జత చెయ్యండి. ఎక్కడా మన ఇష్టం వచ్చినట్టు ఎంచింది లేదు. వాళ్ళ చూపులే నియమం.

మీ పిల్లలకి ఇంట్లో చెప్పి చూడండి, పెద్దవాళ్ళకంటే వాళ్ళకే తొందరగా ఎక్కుతుంది.

ఇక మూడు. ప్రతివారికీ మూడు చేతులుంటే వరస అన్నదే ఉండదు. చెట్టు కొమ్మల్లాగా ప్రతిచోటా దారి చీలిపోతుంది. ఇటు, అటు అనే మాటలకే అర్థం పోతుంది. షెర్పిన్‌స్కీ చాలా శ్రమపడ్డాడు, సాధ్యం కాలేదు.

షెర్పిన్‌స్కీ గురించి రెండు మాటలు. పోలండ్ స్వతంత్ర దేశంగా మళ్ళీ నిలబడ్డ కొద్దికాలానికే, 1920లో, ఆయనా మరి కొందరూ కలిసి వార్సాలో ఫుండమెంటా మాథమాటికే అనే పత్రిక మొదలుపెట్టారు. సమితులూ, వాటికి దగ్గరి విషయాలూ మాత్రమే వేసే పత్రిక. ఒక్క అంశానికే పరిమితమైతే ఎవరు చదువుతారు అని సందేహించినవాళ్ళున్నారు. అయినా అది పోలండ్‌ను ఈ విషయంలో ప్రపంచానికి కేంద్రం చేసింది. ఎంపిక సూత్రం నిజమా అబద్ధమా అన్న తగువులోకి షెర్పిన్‌స్కీ దిగలేదు. దానితో ఏవి వస్తాయి, అది లేకుండా ఏవి వస్తాయి అని ఓపిగ్గా జాబితాలు వేశాడు. ఆ ధోరణే ఆయన శిష్యులకీ అబ్బింది.

వాళ్ళలో ఒకరు ఆల్‌ఫ్రెడ్ తార్‌స్కీ. 1924లో ఆయన ఒక చక్కటి ఫలితం ప్రచురించాడు. ప్రతి అనంతమూ తన వర్గానికి సమానం అని ఒప్పుకుంటే చాలు, దాన్నుంచి ఎంపిక సూత్రం మొత్తం వచ్చేస్తుంది అని. దీని వెనక తార్‌స్కీ స్వయంగా చెప్పిన ఒక ముచ్చట ఉంది. ఆ వ్యాసం మొదట పారిస్ అకాడమీ పత్రికకి పంపాడట. ఫ్రెషే అనే పెద్దాయన, రెండు తెలిసిన నిజాల మధ్య సంబంధం చూపడంలో కొత్తేముంది అని తిప్పి పంపాడు. లెబెగ్‌కి పంపితే, రెండు అబద్ధాల మధ్య సంబంధంతో ఎవరికేం పని అని ఆయనా తిప్పి పంపాడు. తార్‌స్కీ ఆ పత్రికకి మళ్ళీ ఏదీ పంపలేదట.

రెండోవాడు అడాల్ఫ్ లిండెన్‌బామ్. 1904లో వార్సాలో యూదు కుటుంబంలో పుట్టాడు, షెర్పిన్‌స్కీ దగ్గర 1928లో డాక్టరేటు తీసుకున్నాడు. ఆయన తీరు ఒకటి చెప్పాలి. కొత్త సంగతులు కనిపెట్టడంలో ఎంత చురుకో, వాటిని రాసి అచ్చు వేయించడంలో అంత అశ్రద్ధ. తర్కశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఇవాళ లిండెన్‌బామ్ ఉపసిద్ధాంతం తెలుసు. దాన్ని అచ్చులో పెట్టింది ఆయన కాదు, తార్‌స్కీ.

1926లో ఈ ఇద్దరు స్నేహితులూ కలిసి ఒక వ్యాసం వేశారు. సమితుల మీద 144 ప్రమేయాలు, అన్నీ రుజువులు లేకుండానే. కేవలం ప్రకటనలు. అందులో ఒకటి: మూడుతో భాగించవచ్చు, లిండెన్‌బామ్ నిరూపించాడు. అంతే, ఒక్క ఆనవాలు కూడా ఇవ్వలేదు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, రాసుకోవడానికి ముందు బోలెడు కాలం ఉందనుకుని ఉంటాడు. గురువుగారైన షెర్పిన్‌స్కీకి ఆ రుజువు ఇరవై ఏళ్ళ తరవాత కూడా తెలిసినట్టు లేదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండేవారు! అదే వ్యాసంలో ప్రకటించిన ఇంకో ముఖ్యమైన సంగతి, కాంటర్ ఊహకి విస్తృత రూపం ఒప్పుకుంటే ఎంపిక సూత్రం దాన్నుంచే వస్తుందన్నది. దానికి రుజువు 1947లో షెర్పిన్‌స్కీ స్వయంగా సమకూర్చి వెయ్యవలసి వచ్చింది.

1939 ఆగస్టులో తార్‌స్కీ హార్వర్డ్‌లో ఒక సమావేశానికని ఓడ ఎక్కాడు. కొన్నాళ్ళ ప్రయాణం అనుకున్నాడు. భార్య మరియా, ఇద్దరు పిల్లలు వార్సాలోనే ఉన్నారు. సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. సూట్‌కేసుతో అమెరికాలో దిగి, అటు తిరిగి వెళ్ళలేక, ఇటు ఇంటివాళ్ళని తెచ్చుకోలేక గడపడం ఎలా ఉంటుందో వింటున్నవాళ్ళలో కొందరికి ఊహకి అందుతుంది. ఆయన కుటుంబాన్ని మళ్ళీ చూసింది 1946లో. తల్లిదండ్రుల్నీ తమ్ముణ్ణీ నాజీలు పొట్టన పెట్టుకున్నారు.

లిండెన్‌బామ్ 1939లో వార్సా వదిలి తూర్పుకి వెళ్ళాడు. సోవియట్ అధీనంలోకి వచ్చిన బియవిస్తోక్‌లో పాఠాలు చెప్పుకుంటూ ఉన్నాడు. ఆయన భార్య యానినా హోసియాసన్ కూడా పేరున్న తర్కశాస్త్రవేత్త. ఆమె విల్నియస్ చేరింది. అంత అల్లకల్లోలంలోనూ 1940లో ఆమె వ్యాసం ఒకటి అమెరికా పత్రికలో అచ్చయింది, ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. 1941 జూన్‌లో జర్మన్ సేనలు అటువైపు వచ్చాయి. ఆ ఏడే లిండెన్‌బామ్‌ను చంపేశారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫయ్యేడు. యానినాను అరెస్టు చేసి 1942లో చంపారు. అటు వార్సాలో 1944లో షెర్పిన్‌స్కీ ఇంటినీ, పుస్తకాలన్నిటినీ జర్మన్లు తగలబెట్టారు.

యుద్ధంలో ఆగిపోయిన ఫుండమెంటా 1945లో మళ్ళీ మొదలైంది. 1949లో, షెర్పిన్‌స్కీ నలభై ఏళ్ళ అధ్యాపక జీవితాన్ని గౌరవిస్తూ, బర్కిలీ నుంచి తార్‌స్కీ అందులో ఒక వ్యాసం వేశాడు. మూడుతోనే కాదు, ఏ సంఖ్యతోనైనా భాగించడానికి రుజువు అందులో ఉంది. అయితే అది తన రుజువేనని, లిండెన్‌బామ్‌ది ఎలా సాగిందో తనకి గుర్తు లేదని చెప్పాడు. రెండు ఆనవాళ్ళు మాత్రం ఇచ్చాడు. షెర్పిన్‌స్కీ రెండుతో భాగించినప్పుడు వాడినలాంటి వాదం అందులో ఉందట, తన సొంత ఉపసిద్ధాంతం ఒకటి కూడా వాడాడట. ఇరవై మూడేళ్ళ కిందట స్నేహితుడు నోటితో చెప్పిన మాటల్లోంచి మిగిలింది అంతే.

కథ ఇక్కడితో అయిపోయేదే. ప్రిన్స్‌టన్‌లో జాన్ కోన్వే, ఆయనతో పీటర్ డోయల్ దీన్ని మళ్ళీ తవ్వారు. కోన్వే తార్‌స్కీ వ్యాసాన్ని ముందేసుకుని కూచున్నా ఏమీ బోధపడలేదని వాళ్ళే రాసుకున్నారు. ఆ స్థాయివాడే అలా అన్నాడంటే మనం సిగ్గుపడనక్కర్లేదు. చివరికి వాళ్ళు తార్‌స్కీ ఇచ్చిన ఆనవాళ్ళ దారిలోనే నడిచి 1994లో ఒక రుజువు రాశారు. చాలామంది చదువుకోగలిగేలా, బొమ్మలతో, హాస్యంతో ఉంటుంది అది. 2006 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. అదే లిండెన్‌బామ్ మనసులో ఉన్న రుజువా అంటే, అవునని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ బతికి లేరు. కోన్వే కూడా 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీలో కోవిడ్‌తో పోయారు.

2015లో డోయల్, సెసిల్ చూ అనే మరొకరితో కలిసి నాలుగుతో భాగించడం మీద ఇంకో వ్యాసం రాశాడు. ఏ సంఖ్యకైనా పనిచేసే ఆ పద్ధతిని పేకాటలాగా చెప్పారు. మూడు చేతులకి బదులు ముక్కల రంగులు: ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఆటగాళ్ళందరూ ఒకేసారి ఇస్పేటు ముక్కల్ని తమ తమ చోటికి సర్దుకుంటూ, సరైన చోట లేనివాటిని మార్పిడి చేసుకుంటూ పోతారు. ఎవరూ ఆలోచించి ఎంచుకోనక్కర్లేదు, ప్రతి ఎత్తూ నియమమే చెబుతుంది. ఇన్నేళ్ళ చిక్కుముడి అంత తేలిగ్గా విడిపోవడం చూస్తే నవ్వూ వస్తుంది, 1926లో ఆ కుర్రాడు రెండు పేజీలు రాసి ఉంటే అనీ అనిపిస్తుంది.

కోలాటం వాదం ఇంకోసారి వినాలనుకునేవాళ్ళు, మూడు చేతులతో ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయారో చెప్పాలనుకునే పిల్లలు, పాట అయ్యాక ఫోన్ చెయ్యండి, మాట్లాడుకుందాం.